సెప్టెంబరు బండి కొనాలా, అక్టోబరు బండి కొనాలా? కొత్త భద్రతా నిబంధనల మీద లారీవాళ్ల మాట

పన్నెండు టైర్లు (నరసరావుపేట), రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇరవై రెండేళ్లుగా స్టీరింగు పట్టుకున్నాను. అందులో ఆరేళ్లుగా సొంత బండి. పాత పది టైర్ల బండి అమ్మేసి పన్నెండు టైర్లది తీసుకుందామని మొన్న షోరూముకు వెళ్లాను. యార్డులో రెండు బళ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకే రంగు, ఒకే ఇంజను. ఒకటి 2025 సెప్టెంబరులో తయారైంది, రెండోది అక్టోబరులో. సెప్టెంబరు బండిలో ఫ్యాను, అక్టోబరు బండిలో ఏసీ. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే బళ్లలో మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటిన ప్రతి లారీకీ క్యాబిన్‌లో ఏసీ ఉండాలని కేంద్రం 2023లోనే నోటిఫికేషన్ ఇచ్చింది కదా, ఆ తేడా.

సేల్స్ కుర్రవాడు సెప్టెంబరు బండికి మంచి తగ్గింపు ఇస్తానంటున్నాడు. నెలల తరబడి ఎండలో నిలబడిపోయిన బండి, వదిలించుకోవాలని వాడి ఆత్రం. నాలోని ఓనరు దాన్నే కొనమంటున్నాడు, నాలోని డ్రైవరు వద్దంటున్నాడు. ఇద్దరూ ఒకే చొక్కాలో ఉండటం వల్ల రెండు రోజులుగా నిద్ర లేదు.

ఏసీ సంగతే కాదు, ఎఫ్‌సీకి (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) మిషన్ల పరీక్షలు, ఓవర్‌లోడు జరిమానాలు, గుద్ది పారిపోతే పదేళ్ల జైలు అనే ఆ సెక్షన్, అన్నీ ఒకేసారి మీద పడుతున్నాయి. మీ మీ అనుభవాలు రాయండి. వార్తల్లో వచ్చింది నేనూ చదివాను, రోడ్డు మీద ఏం జరుగుతోందో కావాలి.

మంచుపెట్టె (కైకలూరు), రాత్రి 9.58

అక్టోబరు బండి. ఇంకో మాట లేదు.

నేను చేపల లోడు తోలుతాను, కైకలూరు నుంచి హౌరా. మే నెలలో బరంపురం దాటాక మధ్యాహ్నం రెండు గంటలకు క్యాబిన్‌లో ఎలా ఉంటుందో చెబుతాను. ఎడమ మోకాలి పక్కనే ఇంజను మూత. దాని మీద చెయ్యి పెట్టలేము. సీటు మీద తడి తువ్వాలు పరుచుకుంటే అరగంటలో ఆరిపోతుంది. అద్దం దించితే నిప్పుల గాలి, ఎత్తితే కుంపటి. నా వీపు వెనుక, ఒక్క రేకు అవతల, ప్లాస్టిక్ ట్రేలలో చేపలు ఐసు కప్పుకుని పడుకుని ఉంటాయి. చచ్చిన చేపకు మంచు, బతికున్న మనిషికి ఆవిరి. చేప పాడైతే పార్టీ, అంటే సరుకు యజమాని, డబ్బు కోస్తాడు. డ్రైవరు పాడైతే ఇంకో డ్రైవరు వస్తాడు.

మూడు బళ్ల ఓనరు (తాడేపల్లిగూడెం), రాత్రి 10.15

తమ్ముడూ, బాధ నాకూ తెలుసు, నేనూ క్లీనరుగా మొదలైనవాడినే. కానీ ఏసీ గాలితో నడవదు, డీజిలుతో నడుస్తుంది. ఆ డీజిలు ఎవరు పోస్తారు? కిరాయి నాలుగేళ్లుగా అక్కడే ఉంది. నిబంధన పెట్టినవారు కిరాయిలో ఏసీకి ఒక రూపాయి కలపమని పార్టీలకు చెప్పారా? లేదు. ఖర్చు ఓనరు మీద వేసి చేతులు దులుపుకున్నారు.

పైగా నా డ్రైవర్లలో ఒకాయన ఏసీ వేస్తే కీళ్లు పట్టేస్తున్నాయని కిటికీ తీసి తోలతాడు. ఏసీ ఆపడు, కిటికీ మూయడు. ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేదు. మానేస్తే ఇంకొకరు దొరకరు.

ఆటోనగర్ మేస్త్రి (విజయవాడ), రాత్రి 10.31

ఓనరు గారూ, డీజిలు కొంచెం పెరుగుతుంది, కాదనను. కానీ నా షెడ్డుకు వచ్చే బళ్లు చూసి ఒక మాట చెబుతాను. టైర్లలో గాలి సరిగ్గా లేక, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి, క్లచ్ జారుతూ తాగే డీజిలు ముందు ఏసీ తాగేది చిన్న లెక్క. వాటిని ఎవరూ అడగరు, ఏసీ దగ్గరకు వచ్చేసరికి అందరూ లెక్కల మాస్టార్లే.

అసలు భయం వేరు. కొత్త బండి కొని నెల తిరగకుండా ఏసీ బెల్టు తీసేయమని ఇద్దరు ఓనర్లు నా దగ్గరకు వచ్చారు. స్పీడు గవర్నరు కథ గుర్తుంది కదా. 2015 తరువాత వచ్చిన సరుకు బళ్లకు 80 దాటకుండా పరికరం పెట్టమన్నారు. ఎఫ్‌సీ రోజు అది పనిచేస్తుంది. మర్నాడు వైరు ఊడుతుంది. ఎవరు ఊడదీస్తారో నన్ను అడగవద్దు, నేను పిల్లలు గలవాడిని.

ఏసీకీ అదే గతి పడుతుంది. తయారీలో ఉండాలన్నారు గాని, రోడ్డు మీద ఆన్‌లో ఉందా అని ఎవరు చూస్తారు?

నాపరాయి (బేతంచెర్ల), రాత్రి 11.05

మీరందరూ ఏసీ దగ్గరే ఆగిపోయారు. నాలాంటివాళ్లకు లోడు తూచే కాటా దగ్గర మొదలవుతుంది గొడవ.

2018 జులైలో యాక్సిల్ (ఇరుసు) మీద మోయగల బరువు పరిమితి పెంచారు. పది టైర్ల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5కు వెళ్లింది. అప్పుడు అందరం సంబరపడ్డాం, ఓవర్‌లోడు బాధ తీరిందని. ఏం తీరింది? అందరి బండీ ఎక్కువ మోయడం మొదలుపెట్టింది, టన్నుకు కిరాయి పడిపోయింది. మళ్లీ పైన ఇంకో నాలుగు టన్నులు వేస్తేనే గిట్టుబాటు. ఆ వేసేది నేను కాదు. గనిలోనో ఫ్యాక్టరీలోనో వాళ్ల మనుషులు వేస్తారు. వద్దంటే “నీ వెనకాల ఇంకో బండి ఉంది, పక్కకు తీయి” అంటారు.

తరువాత 2019 సెప్టెంబరు నుంచి కొత్త జరిమానాలు. పరిమితి దాటితే 20,000, ఆ పైన టన్నుకు 2,000. అయిదు టన్నులు ఎక్కువైతే 30,000. అదనపు సరుకు అక్కడే దింపించాలి. ఆ అయిదు టన్నుల మీద నాకు మిగిలేది దీని ముందు చాలా తక్కువ. మరి ఎందుకు వేసుకుంటున్నావని అడుగుతారు. పది ట్రిప్పుల్లో ఒకసారి పట్టుకుంటారు గనుక. మిగతా తొమ్మిది సార్లు ఎలా వదులుతారో ఇక్కడ రాస్తే మోడరేటర్ గారు తీసేస్తారు. అయినా రాస్తాను. మా దారిలో ఫలానా...

మోడరేటర్, రాత్రి 11.20

నాపరాయి గారి పోస్టులో చివరి నాలుగు వాక్యాలు తీసేశాను. ఆఫీసు పేరు, అధికారి హోదా రాయవద్దు. విషయం రాయండి, చాలు. రుజువు చేయలేని పేరు రాస్తే రేపు నోటీసు వచ్చేది నాకు.

కోర్టు మెట్లు (రాజమహేంద్రవరం), ఉదయం 6.50

నేను లారీ తోలను. పదిహేనేళ్లుగా మోటారు ప్రమాదాల కేసులు చూస్తున్నాను, ఎక్కువగా డ్రైవర్ల తరఫున. రెండు సంగతులు చెబుతాను.

మొదటిది ఓవర్‌లోడు. నాపరాయి గారు జరిమానా డ్రైవరుకే అనుకుంటున్నట్లున్నారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 చదివితే, తోలినవాడే కాదు, అలా తోలించినవాడు, తోలనిచ్చినవాడు కూడా దాని కిందకే వస్తారు. అంటే ఓనరును, లోడు ఎక్కించి పంపినవాడినీ పట్టుకునే దారి చట్టంలోనే ఉంది. నా దగ్గరకు వచ్చిన కాగితాల్లో అలా రాసిన చలానా ఒక్కటీ చూడలేదు. రోడ్డు మీద చేతికి దొరికేది డ్రైవరే గనుక.

రెండోది, పదేళ్ల జైలు. దీని మీద చాలా గందరగోళం ఉంది. పాత శిక్షాస్మృతిలో 304ఏ కింద గరిష్ఠం రెండేళ్లు. భారతీయ న్యాయ సంహితలో 106(1) కింద నిర్లక్ష్యం వల్ల మరణానికి అయిదేళ్ల వరకు. 106(2) ఏమంటుందంటే, నిర్లక్ష్యంగా తోలి మనిషి చావుకు కారణమై, పోలీసు అధికారికి గాని మేజిస్ట్రేటుకు గాని వెంటనే చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు. 2024 జనవరి మొదట్లో దేశమంతా లారీలు ఆగింది దీని మీదే. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు ఆ రోజు వరుసలు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు కేంద్రం, రవాణా సంఘంతో మాట్లాడాకే అమలు చేస్తామంది. సంహిత 2024 జులై 1న అమల్లోకి వచ్చినప్పుడు ఈ ఒక్క ఉపవిభాగాన్ని పక్కన పెట్టారు. రద్దు కాలేదు, పక్కన పెట్టారు. ఈ రెండింటికీ తేడా గుర్తు పెట్టుకోండి.

పన్నెండు టైర్లు, ఉదయం 7.15

లాయరు గారూ, ధన్యవాదాలు. ఒక్క సందేహం. మేము పారిపోయేది శిక్షకు భయపడి కాదు, జనానికి భయపడి. తప్పు ఎవరిదైనా పెద్ద బండి వాడిదే తప్పు. నా స్నేహితుడి బండికి తాగి ఎదురొచ్చిన బైకు గుద్దుకుంది. దిగి నీళ్లు పట్టబోయాడు. దవడ విరగ్గొట్టారు. ఆ తరువాత నుంచి వాడు ఎక్కడా దిగడు. ఆగాలా, పోవాలా?

కోర్టు మెట్లు, ఉదయం 7.40

ఇది ప్రతి డ్రైవరూ కంఠతా పట్టాల్సిన విషయం. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 134 ఉంది. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చే బాధ్యత డ్రైవరుదని చెబుతూనే, జనాగ్రహం వల్లనో తన చేతిలో లేని మరో కారణం వల్లనో అది సాధ్యం కాకపోతే మినహాయింపు ఇచ్చింది. చట్టం రాసినవాళ్లకు మీ స్నేహితుడి దవడ సంగతి ముందే తెలుసన్నమాట. అక్కడ పోలీసు లేకపోతే దగ్గరి స్టేషన్‌లో వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల్లోపు చెప్పాలని కూడా అందులోనే ఉంది.

కాబట్టి కొట్టేలా ఉంటే బండి తీసుకుని వెళ్లండి. కానీ 112కు ఫోను చేసి, ఎక్కడ ఏం జరిగిందో, ఎందుకు ఆగలేకపోయారో చెప్పి, కనిపించిన మొదటి స్టేషన్ ముందు బండి ఆపండి. ఫోను చేసిన సమయం రికార్డులో ఉంటుంది. రేపు కోర్టులో పారిపోయాడు అన్న మాటను కోసేది ఆ ఒక్క ఫోనే. కంపెనీకి, ఓనరుకు, బావమరిదికి ఫోన్లు చేసి పోలీసుకు చేయనివాళ్లనే ఎక్కువగా చూశాను.

కారు మనిషి (హైదరాబాదు), ఉదయం 8.30

లారీ తోలను, రోజూ విజయవాడ రోడ్డులో కారు నడుపుతాను. మీ కష్టాలు చదివాక కోపం తగ్గింది గాని పూర్తిగా పోలేదు. రాత్రిపూట వెనుక దీపం లేని లారీ, ఎర్ర రిఫ్లెక్టరు పట్టీ మీద జానెడు మట్టి, రోడ్డు పక్కన కూడా కాదు, సగం రోడ్డు మీద ఆపి టైరు మారుస్తుంటారు. వెనుక పెట్టాల్సిన ఇనుప అడ్డు వంగి పైకి లేచి ఉంటుంది. కారు దాని కిందకు దూరితే పైకప్పు ఎగిరిపోతుంది. ఆ అడ్డు, ఆ పట్టీ, వీటికి ఏసీ అంత ఖర్చు కూడా కాదు. వాటికీ కిరాయిలో రూపాయి కలపాలా?

నాపరాయి, ఉదయం 8.41

సార్, ఆ పట్టీ కథ మీకు తెలియదు. ఎఫ్‌సీకి వెళ్తే ఆఫీసు బయట కొట్లోనే కొనాలి, ఆ బిల్లే చెల్లుతుంది. బయట రెండు వందలకు దొరికేది అక్కడ ఎంతో చెబితే నవ్వుతారు. నిరుడు అతికించిన పట్టీ మెరుస్తూనే ఉన్నా పీకించి కొత్తది వేయించారు. భద్రత అంటే అలా కనిపిస్తుంది మాకు.

కారు మనిషి, ఉదయం 8.49

అది మీకు జరిగిన అన్యాయమే. అయినా నా ప్రశ్న మట్టి గురించి. గుడ్డ పెట్టి తుడవడానికి బిల్లు అక్కర్లేదు కదా.

నాపరాయి, ఉదయం 9.02

...అది ఒప్పుకుంటాను.

ఆటోనగర్ మేస్త్రి, ఉదయం 9.20

కారు సార్ చెప్పిన ఆ వెనుక అడ్డు గురించి: టిప్పర్లు కంకర దింపేటప్పుడు అది నేలకు తగులుతుందని పైకి మడిచి వెల్డింగు పెట్టించుకుంటారు. నేను చేయనంటే పక్క షెడ్డులో చేస్తారు. చేయనన్న రోజు నుంచి ఆ పార్టీ నా దగ్గరకు రావడం మానేసింది.

ఇక ఎఫ్‌సీ మిషన్ల సంగతి. పూర్వం బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఒక్క హారను కొట్టించి, సంతకం పెట్టేవారు. ఆటోమేటిక్ పరీక్షా కేంద్రం ఉన్నచోట ఇప్పుడు భారీ సరుకు బళ్లు అక్కడికే వెళ్లాలి, 2024 అక్టోబరు నుంచి. బండిని రోలర్ల మీద ఎక్కించి బ్రేకు తొక్కమంటారు. ఏ చక్రం ఎంత పట్టిందో తెర మీద అంకెల్లో కనిపిస్తుంది. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ తేడా ఉంటే అక్కడే దొరికిపోతుంది. ఒక బండి బ్రేకు తొక్కితే ఎందుకు ఎడమకు లాగుతోందో ఆ డ్రైవరు రెండేళ్లుగా చెబుతున్నా ఓనరు వినలేదు. మిషను చెబితే విన్నాడు. నా వరకు ఇది మంచి నిబంధన. నాకు పని పెరిగింది గనుక చెబుతున్నానని ఎవరైనా అంటే, అదీ నిజమే.

కానీ మనవాళ్ల తెలివి ముందు మిషను ఎంత? ఎఫ్‌సీ రోజుకు అద్దె టైర్లు దొరుకుతాయి. అరిగిన ఆరు టైర్లు విప్పి, కొత్తవి బిగించి, పరీక్ష అయ్యాక మళ్లీ పాతవి ఎక్కిస్తారు. మా వీధిలో ఒకే టైర్ల జత నెలలో ఎనిమిది బళ్లకు ఎఫ్‌సీ తెచ్చిపెట్టింది. ఆ టైర్లకు సన్మానం చేయాలి.

మూడు బళ్ల ఓనరు, ఉదయం 10.10

ఫీజుల గురించి ఎవరూ మాట్లాడరేం? నా పెద్ద బండికి ఇరవై ఒకటో ఏడు. 2,500 ఉన్న ఎఫ్‌సీ రుసుము ఇరవై ఏళ్లు దాటిన లారీకి 25,000 అయింది, 2025 నవంబరులో. ఆ బండితో ఊళ్లో ధాన్యం మిల్లుకు తోలుకుంటాను, రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరగదు. దేశం చుట్టే బండికీ నా ముసలి బండికీ ఒకే లెక్కా? తీసేయమంటారు, తుక్కుకు వేయమంటారు. తుక్కు డబ్బుతో కొత్త బండికి స్టీరింగు కూడా రాదు.

మంచుపెట్టె, మధ్యాహ్నం 1.30

పలాస దగ్గర అన్నం తిని రాస్తున్నాను. నిన్న రాద్దామనుకున్న సంగతి ఇది.

అందరూ బండి భద్రత మాట్లాడుతున్నారు. నిద్ర సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడేళ్ల క్రితం ఇదే దారిలో, తెల్లవారుజామున మూడున్నరకు నేను కళ్లు తెరిచి నిద్రపోయాను. అతిశయోక్తి కాదు, కళ్లు తెరిచే ఉన్నాయి, చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ముందు వెళ్తున్న బండి ఎర్ర దీపాలు మా ఇంటి వాకిట్లో సంక్రాంతికి పెట్టిన గొబ్బెమ్మల్లా కనిపించాయి. వాటిని తొక్కకూడదని బ్రేకు వేశాను. అందుకే బతికాను. దిగి చూస్తే ముందు బండికీ నా బంపరుకూ మధ్య నా చెప్పు పట్టేంత జాగా.

ఆ రోజు ఎందుకు అలా అయిందో లెక్క చెబుతాను. ముందు రోజు ఉదయం ఆరుకే బండి చెరువు గట్టుకు పెట్టాను. చేప ఎక్కడం మొదలైంది మధ్యాహ్నం మూడుకు. తొమ్మిది గంటలు ఎండలో, బండి కింద గోనె పరుచుకుని పడుకున్నాను, నిద్ర పట్టలేదు. ఐసు చాలలేదని ఇంకో రెండు గంటలు. అయిదింటికి బండి కదిలింది. కదిలిన క్షణం నుంచి ఫోను: ఎక్కడున్నావు, ఎప్పటికి చేరతావు, మార్కెట్టు అందుతుందా. పోయిన పదకొండు గంటలు ఎవరి లెక్కలోనూ లేవు. ఆలస్యం మాత్రం నా లెక్కలో ఉంది.

పోలీసులు అర్ధరాత్రి దాటాక ఆపి ముఖం కడిగించి పంపుతారు. కొన్నిచోట్ల టీ కూడా ఇస్తారు. ఎగతాళి చేసేవాళ్లున్నారు గాని, నేను వాళ్లకు దండం పెడతాను. ఆ చన్నీళ్లు ఇంకో యాభై కిలోమీటర్లు తోలిస్తాయి. ఆ తరువాత?

కోర్టు మెట్లు, మధ్యాహ్నం 2.05

మీ మాటకు చట్టంలో జవాబు అరవై ఏళ్ల నుంచి ఉంది. మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961. 2025 నవంబరులో దాన్ని కొత్త కార్మిక స్మృతిలో కలిపేశారు. ఆ పాత చట్టంలో ఉన్నది ఇది: రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. అయిదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి. కొత్త నిబంధనలని గొడవ పడుతున్నాం గాని, అన్నిటికంటే పాతదే అమలు కాలేదు.

డాలస్ ట్రైలరు (టెక్సాస్), మధ్యాహ్నం 3.10

ఇక్కడ తెల్లవారుజాము. బండి ఆపుకుని మీ చర్చంతా చదివాను. మాది ఖమ్మం దగ్గర. ఇక్కడ అయిదేళ్లుగా ట్రైలరు తోలుతున్నాను.

మంచుపెట్టె అన్న చెప్పిన సమస్యకు అమెరికావాళ్లు గడియారం బిగించారు. పది గంటల విశ్రాంతి తరువాత పదకొండు గంటలే తోలాలి. ఆ పదకొండూ, పని మొదలుపెట్టిన పద్నాలుగు గంటల్లోపే అయిపోవాలి. ఎనిమిది గంటలు తోలాక అరగంట ఆగాలి. ఎనిమిది రోజుల్లో డెబ్బై గంటలు దాటకూడదు. పూర్వం ఇవన్నీ కాగితం మీద రాసేవారు. ఎవరికి తోచింది వాళ్లు రాసుకునేవారు గనుక ఇక్కడి డ్రైవర్లు ఆ పుస్తకాలను బొమ్మల కథల పుస్తకాలనేవారు. 2017 డిసెంబరు నుంచి ఇంజనుకు తగిలించిన ఎలక్ట్రానిక్ పరికరమే రాస్తుంది. చక్రం తిరిగిందా, లెక్క మొదలైంది. దాన్ని బతిమాలలేము, దానికి టీ ఇప్పించలేము.

స్వర్గం అనుకోవద్దు. గోడౌను దగ్గర లోడు కోసం ఆరు గంటలు కూర్చోబెట్టినా ఆ పద్నాలుగు గంటల గడియారం మామూలుగా ఆగదు. లోడయ్యేసరికి తోలే సమయం సగం పోతుంది. దాంతో గడియారం అయిపోకముందే చేరాలని పాత డ్రైవర్లు కూడా తొందర పడటం నేను చూశాను. అలసిపోతే ఆగే స్వేచ్ఛ కూడా పోయిందని వాళ్ల గొడవ. రాత్రి తొమ్మిది దాటితే బండి ఆపడానికి చోటు దొరకదు. హైవే దిగే దారుల అంచున వరుసగా లారీలు నిద్రపోతుంటాయి. 2025 జూన్ నుంచి ఇంగ్లీషు రాని డ్రైవరును రోడ్డు మీదే బండి దింపేస్తున్నారు. ఇదీ భద్రతే అంటున్నారు.

కానీ ఒక్కటి మాత్రం మనకంటే మెరుగు. లోడు దగ్గర మామూలుగా రెండు గంటలు దాటితే నిలిపి ఉంచినందుకు గంటకింత అని బిల్లు వేస్తాం. అది చట్టం కాదు, ఒప్పందం. ఎగ్గొట్టేవాళ్లూ ఉన్నారు. కానీ వచ్చిన సమయం, లోడైన సమయం కాగితం మీద రాసి సంతకం పెట్టించుకుంటాం. ఆ కాగితం లేకపోతే పైసా రాదు.

నాపరాయి, సాయంత్రం 4.00

తమ్ముడూ, అక్కడ సంతకం పెడతారు. ఇక్కడ ఫ్యాక్టరీ గేటులో గుమస్తా మా వైపు చూడడు కూడా. మొన్న ఒక గేటు ముందు ఇరవై ఆరు గంటలు ఉన్నాను. మంచినీళ్లకు లోపలికి వెళ్తానంటే డ్రైవర్లకు అనుమతి లేదన్నాడు.

మూడు బళ్ల ఓనరు, సాయంత్రం 4.25

నాపరాయి చెప్పింది నిజం. నిలిపి ఉంచిన రోజులకు హాల్టింగు అని మేమూ అడుగుతాం. బుకింగ్ ఆఫీసువాడు నవ్వి టీ తెప్పిస్తాడు. అక్కడితో సరి.

డ్రైవరుకు నేను ట్రిప్పు లెక్కన ఇస్తాను, రోజు లెక్కన కాదు. అంటే గేటు ముందు పోయిన రోజు ఆయన జేబులోంచి పోతుంది. ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. అయినా రోజు లెక్కన ఇచ్చే స్థితి నాది కాదు.

కారు మనిషి, సాయంత్రం 5.10

2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు బస్సును ఢీకొన్నప్పుడు ఆ కంకర బస్సులో మనుషుల మీద పడింది. అందరూ టిప్పరు డ్రైవరు గురించి, రోడ్డు గురించి, గుంత గురించి మాట్లాడారు. ఆ దారిలో తిరిగే టిప్పర్లలో కంకర ఎక్కించేవాళ్లు ఎంత ఎక్కిస్తారు, ఎప్పుడు పంపుతారు, రోజుకు ఎన్ని ట్రిప్పులు కొట్టమంటారు అని నేనూ అడగలేదు. ఈ చర్చ చదివాక తోచింది.

మంచుపెట్టె, సాయంత్రం 5.30

సార్, ఆ రోజు మేము కూడా మాట్లాడుకోలేదు. ధాబాలో టీవీ ఆపేయమన్నాం.

పదో తరగతి డ్రైవరు (కర్నూలు), రాత్రి 8.00

కొత్తగా చేరాను. ఒక చిన్న ప్రశ్న. డ్రైవరు కునుకు తీస్తే అరిచే పరికరం పెడతామని 2025లో ముసాయిదా ఇచ్చారు కదా. అది అరిస్తే బండి ఆపాలా? ఆపితే పార్టీకి ఏం చెప్పాలి? పరికరం ఒప్పుకోలేదని చెప్పవచ్చా?

ఆటోనగర్ మేస్త్రి, రాత్రి 8.12

బాబూ, ఇక్కడ ఇన్ని పోస్టులు రాశాం గాని అసలు ప్రశ్న నువ్వే అడిగావు. జవాబు నా దగ్గర లేదు. దాని వైరు ఎక్కడ ఉంటుందని అడగడానికి మాత్రం నా దగ్గరకు రావద్దు.

పన్నెండు టైర్లు, పద్దెనిమిది రోజుల తరువాత, రాత్రి 10.05

అడిగినవారందరికీ: అక్టోబరు బండే తీసుకున్నాను. మా ఆవిడ బండి పూజ రోజున క్యాబిన్ ఎక్కి, ఏసీ వేయించి, పది నిమిషాలు కూర్చుని, దిగి, “ఇన్నేళ్లు ఏ పొయ్యిలో ఉన్నావయ్యా” అంది. డీజిలు లెక్క ఇంకా చూడలేదు, చూసినా ఇక్కడ రాయను. ఓనరు గారు పట్టుకుంటారు.

డాలస్ తమ్ముడు చెప్పిన సంతకం పని చేసి చూశాను. మొదటి లోడు గుంటూరు నుంచి, మిర్చి. ఎల్‌ఆర్ (సరుకు రవాణా రసీదు) కాగితం వెనుక “బండి చేరింది ఉ. 7.10, లోడు మొదలు ప. 12.40, బయలుదేరింది సా. 4.15” అని రాసి గోడౌను గుమస్తా ముందు పెట్టాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, మళ్లీ చదివి, “ఇదెందుకు?” అన్నాడు. లెక్క కోసం అన్నాను. “మా ఓనరు నన్ను అడుగుతాడు” అని వెనక్కి ఇచ్చేశాడు.

రెండో లోడు కృష్ణపట్నం వైపు నుంచి. అక్కడి సూపర్‌వైజరు కుర్రవాడు ఏమీ అడగకుండా సంతకం గీకి, ఫోనులో మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు. ఏం రాశానో చదివాడో లేదో తెలియదు. పేరు కూడా అర్థం కావడం లేదు. ఆ కాగితం జిరాక్సు తీయించి డ్యాష్‌బోర్డులో పెట్టాను.

మూడో లోడు రేపు. పెన్ను మార్చాను, పాతది ఎండకు పోయింది.